ఓర్పు ఎవరి వంతు?

గాలం వేసేవాళ్ళలో ఒక పాత నమ్మకం ఉంది. సన్నని దారంతో పెద్ద చేపను పట్టినవాడే మొనగాడు, లావు దారంతో ఎవడైనా లాగుతాడు అని. ఈ నమ్మకానికి అధికారిక ముద్ర కూడా ఉంది. 1939లో ఏర్పడిన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ రికార్డులను చేప బరువును బట్టి మాత్రమే కాక, దారం ఎన్ని పౌండ్ల దగ్గర తెగుతుందో దాన్ని బట్టి కూడా తరగతులుగా విడగొట్టి రాస్తుంది. దీని వెనక ఉన్న నీతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: చేపకూ ఒక అవకాశం ఇవ్వాలి. లావు దారం వాడితే ఆ అవకాశం పోతుంది, ఆట కాస్తా దౌర్జన్యమవుతుంది.

వినడానికి బావుంటుంది ఈ మాట. ఈ మధ్య నాకు దాన్ని కాస్త దగ్గర్నుంచి చూడాల్సిన పని పడింది. అండమాన్ వెళ్తున్న మిత్రబృందం ఒకటి దారం ఎంపిక నా మీద పెట్టింది, ఇంజనీరువి కదా చూడు అని. (నేను రాసేది సాఫ్ట్‌వేర్. అయినా ఇంట్లో మిక్సీ పాడైనా నన్నే పిలుస్తారు.) అక్కడ జెయింట్ ట్రెవల్లీ అనే చేప కోసం నూరు నుంచి నూటయాభై గ్రాముల బరువుండే చెక్క ఎరల్ని, పాపర్లంటారు వాటిని, రోజంతా విసురుతూ ఉంటారు. దానికి వాడేది జడలా అల్లిన దారం, బ్రెయిడ్. ఎన్ని పౌండ్లది, ఎన్ని పోగులది, దాని చివర ఏం కట్టాలి? అడిగినవాళ్ళకు కావాల్సింది ఒక అంకె. ఆ అంకె వెతుక్కుంటూ వెళ్తే చేతికి దొరికింది ఒక నైతిక ప్రశ్న.

నాది పోచంపల్లి. దారం అంటే మా ఊళ్ళో ఆషామాషీ వస్తువు కాదు. నేతకు ముందే నూలుకు రబ్బరు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, మగ్గం మీద ఆ రంగులన్నీ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా వచ్చి కూచునేలా చూసుకునే ఊరది. అందుకని బ్రెయిడ్ గురించి చదువుతుంటే మొదట నన్ను ఆపింది దాని బలం కాదు. దానికి రంగు పట్టదు. ఆకుపచ్చగా, పసుప్పచ్చగా దుకాణాల్లో కనిపించేది పైపూత. పదిసార్లు చెరువుకు వెళ్ళొచ్చేసరికి వెలిసిపోయి మన వేళ్ళకి అంటుకుంటుంది.

ఎందుకు పట్టదంటే, అది పాలిథీన్. టమాటాలు పోసి ఇచ్చే క్యారీబ్యాగు ఏ పదార్థమో ఇదీ అదే. తేడా అల్లా అణువుల పొడుగులోనూ వరసలోనూ ఉంది. క్యారీబ్యాగులో గొలుసులు చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయి. ఇందులో చాలా పొడవైన గొలుసుల్ని ద్రావకంలో కరిగించి, జెల్లీలా చేసి, సాగదీసి, అన్నీ ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకోబెడతారు. 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీ శాస్త్రవేత్తలు సాధించిన పద్ధతి ఇది. డైనీమా, స్పెక్ట్రా అన్నవి ఈ నారకు వ్యాపార నామాలు. తూటాలు ఆపే కవచాల్లో కూడా దీన్నే వాడతారు. నీళ్ళను పీల్చదు, నీటికన్నా తేలిక కనక తేలుతుంది. బరువుకి బరువు చూస్తే ఉక్కుతీగ దీని ముందు నిలవదు. బలహీనత వేడి. నూటయాభై డిగ్రీల లోపే కరుగుతుంది, అందుకే ముడి బిగించేముందు తడి చేసుకోమంటారు.

దీనికి ఇంకో లోపం ఉంది, నా ప్రశ్న మొదలైంది అక్కడ. బ్రెయిడ్ సాగదు. మనం చిన్నప్పటినుంచీ చూసిన తంగూసు దారం, అంటే నైలాన్, తెగేలోపు తన పొడవులో ఐదో వంతు దాకా సాగుతుంది. బ్రెయిడ్ మూడు నాలుగు శాతం సాగితే ఎక్కువ. సాగకపోవడం చాలామందికి సుగుణమే. చేప ముట్టుకోగానే చేతికి తెలుస్తుంది, యాభై మీటర్ల అవతల ఎరను ఆడించొచ్చు. కానీ బరువైన ఎరను విసిరేటప్పుడు ఏమవుతుందో ఓ చిన్న లెక్క వేసి చూద్దాం.

నూరు గ్రాముల ఎర సెకనుకు ముప్ఫై మీటర్ల వేగంతో గాల్లోకి లేచిందనుకుందాం. దాని గతిశక్తి 45 జౌల్స్. పది మీటర్ల దారం బయటికి వచ్చాక రీలు మీద చిక్కు పడి హఠాత్తుగా ఆగిపోయింది. ఆ 45 జౌల్స్‌నీ ఎవరో ఒకరు మింగాలి. 30 పౌండ్ల బ్రెయిడ్ పది మీటర్లకి నలభై సెంటీమీటర్లు సాగుతుందనుకుంటే, తెగేలోపు మింగగలిగేది సుమారు 27 జౌల్స్. సరిపోదు. 50 పౌండ్లది 44 దాకా మింగుతుంది, అంచు మీద ఉంది. 80 పౌండ్లది 71. రాడ్ వంగి కొంత కాస్తుంది నిజమే, కానీ రాడ్ దయ మీద ఆధారపడకూడదనుకుంటే 80 పౌండ్ల దగ్గర ఊపిరి తీసుకోవచ్చు. అంటే పెద్ద ఎరలకు లావు దారం వాడేది చేప కోసమని అనుకుంటాం గానీ, మొదటి కారణం మన విసురు. విసురులో దారం తెగితే మూడేసి ముళ్ళున్న ఆ ఎర తూటాలా పోతుంది. అది నీళ్ళలో పడితే అదృష్టం, పక్కన నిల్చున్నవాడికి తగిలితే ఆసుపత్రి.

ఇప్పుడు ఇదే లెక్కని తంగూసుతో చేయండి. 20 పౌండ్ల నైలాన్, పది మీటర్లకి రెండు మీటర్లు సాగుతుంది. అది మింగగలిగేది 89 జౌల్స్! నాలుగు రెట్లు బలమైన బ్రెయిడ్ కన్నా ఎక్కువ.

ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగాను. బలం వేరు, ఓర్పు వేరు. రెంటినీ కొలిచే కొలతలు కూడా వేరు. ఎంత బరువు మోయగలవు అన్నది ఒక ప్రశ్న, ఎంత కుదుపు తట్టుకోగలవు అన్నది ఇంకో ప్రశ్న. డబ్బా మీద అచ్చేసేది మొదటి జవాబు మాత్రమే. పైగా, ఓర్పు లేని బలం ఒక వ్యవస్థలోకి వచ్చి చేరినప్పుడు కుదుపులు మాయమైపోవు. దారం సాగనంటే రాడ్ వంగాలి. రాడ్ వంగకపోతే రీలు డ్రాగ్ జారాలి. అదీ బిగిస్తే మనిషి చెయ్యి, లేకపోతే కొక్కెం, చివరాఖరికి చేప దవడ. ఎవరో ఒకరు ఓర్చుకోవాల్సిందే. దారాన్ని ఎంచుకోవడమంటే ఓర్పు ఎవరి వంతుకి వస్తుందో ముందుగానే రాసిపెట్టడం.

సాహిత్యంలో ఈ సంగతి ఎరిగిన గాలగాడు ఒకడున్నాడు. హెమింగ్వే 1952లో ప్రచురించిన నవలికలో ముసలి సాంటియాగో దగ్గర రీలు లేదు, రాడ్ లేదు. లావైన దారం, చేతులు, వీపు. అతను దారాన్ని పడవకు కట్టేసి హాయిగా పడుకోవచ్చు కదా అని చదివేవాళ్ళకి అనిపిస్తుంది. కట్టేస్తే చేప ఒక్క ఉదుటున తెంపుకుపోతుందని అతనికి తెలుసు. అందుకే దారాన్ని వీపు మీదుగా తిప్పుకుని, చేప లాగినప్పుడల్లా కొంచెం వదులుతూ, రాత్రీ పగలూ తనే ఆ వ్యవస్థలో సాగే భాగమై కూచుంటాడు. అరచేతులు కోసుకుపోతాయి. ఈ కథని మానవ సంకల్ప విజయమనీ, పరాజయంలో గౌరవమనీ మనవాళ్ళు చాలా రాశారు. నాకిప్పుడు అందులో కనిపించేది ఇంకా మామూలు విషయం. చేపను పట్టాలనుకున్నవాడే ఆ కుదుపును ఓర్చుకున్నాడు. ఆ పుస్తకం మీద మనకుండే గౌరవంలో సగం దీనికే అనుకుంటాను. సన్న దారపు మొనగాడికీ ముసలివాడికీ తేడా ఇక్కడుంది. మొదటివాడు ప్రమాదాన్ని దారం మీదకి నెట్టి దాన్ని తన నైపుణ్యమంటాడు. రెండోవాడి దగ్గర నెట్టడానికి ఇంకెవరూ లేరు.

ఓర్పు ఎవరి వంతుకి వస్తుందన్న ప్రశ్నకి మా ప్రాంతంలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. చిటికి చీరకు నూలును రంగుకు సిద్ధం చేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. పోగును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి చాచి వెనక్కి తీసుకోవాలి. ఈ పని చేసేది ఆడవాళ్ళు. మా నాయనమ్మ తరం ఇళ్ళల్లో కుడి భుజం పట్టేసిందన్న మాట వాతావరణం గురించి చెప్పుకున్నంత మామూలుగా వినిపించేది. పోగు తెగితే ముడేస్తారు. మగ్గం విరిగితే వడ్రంగి వస్తాడు. భుజానికి మాత్రం అలాంటి ఏర్పాటేదీ ఉండేది కాదు. చీర మీద గీత తప్పకూడదు, గడువు తప్పకూడదు, ధర పెరగకూడదు. ఈ బిగువంతా వెళ్ళి ఒక కీలులో ఆగేది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా వచ్చింది. ఆ కథని మనం ఒక పేదవాడి పట్టుదల కథగా చెప్పుకుంటాం, తప్పేం లేదు. కానీ అతను చేసిన పనిని ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, కుదుపు పడే చోటును ఒక మనిషి ఒంట్లోంచి తీసి ఇనుములో పెట్టాడు. అంతకుముందు చీర కొన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకి చీర బలం కనిపించేది, ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపించేది కాదు.

మళ్ళీ చేప దగ్గరికి వద్దాం. సన్న దారం చేపకు అవకాశమిస్తుందంటే ఏమిటి దానర్థం? దారం తెగుతుందని. తెగితే ఏమవుతుంది? మూడు ముళ్ళ కొక్కేలు రెండింటిని నోట్లో పెట్టుకుని, వెనకాల ఇరవై మీటర్ల దారం ఈడ్చుకుంటూ పోతుంది. ఆ దారం ఏ తుమ్మ మొద్దుకో గుర్రపు డెక్క వేళ్ళకో చుట్టుకుంటుంది. తర్వాతి సంగతి గట్టు మీదివాడికి కనిపించదు కనక దాన్ని 'తప్పించుకుంది' అంటాడు. తప్పించుకున్నది చేప కాదు, అతను. ఒకవేళ దారం తెగలేదనుకోండి, సన్న దారంతో లాగలేడు కనక అరగంట ఆడిస్తాడు. అలిసి, రక్తంలో ఆమ్లం పేరుకున్న చేపను వదిలేసినా అది బతుకుతుందన్న భరోసా తక్కువ. లావు దారంతో ఐదు నిమిషాల్లో ఒడ్డుకొస్తుంది. చేప వైపు నుంచి చూస్తే మన దౌర్జన్యమే తక్కువ బాధ.

దీనికి బదులు చెప్పేవాళ్ళున్నారు. ఆటలో సమానత్వం ఉండాలి, బలవంతుడు తన బలాన్ని తగ్గించుకోవడం ఒక సంస్కారం అంటారు. నిజమే, పిల్లలతో క్యారమ్స్ ఆడుతూ మనం చేసేది అదే. కానీ పిల్లలు ఆడతామని వచ్చారు. చేప రాలేదు. మా ఊరి పేరులో దానం ఉంది కనక ఈ తేడా నాకు కాస్త ఎక్కువ పట్టింపు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు పోచంపల్లి దళితులు నిలబడి ఎనభై ఎకరాలు కావాలన్నారు, నలభై తరి, నలభై మెట్ట అని లెక్క కూడా చెప్పారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం తర్వాత ఏమైంది, ఎంత భూమి నిజంగా చేతులు మారింది అన్నది వేరే చర్చ. కానీ ఆ పూట అక్కడ అడిగినవాళ్ళున్నారు, తమకేం కావాలో వాళ్ళే చెప్పారు. చేపకు మనం ఇస్తున్నామనుకునే 'అవకాశం' అది అడిగింది కాదు. అడగగలిగితే అడిగేది అదసలే కాదు. అడగని దాన్ని మన వీలుని బట్టి ఇచ్చి, మన పేరున పుణ్యం రాసుకోవడాన్ని దానమనలేం.

అయితే లావు దారం వాడేస్తే చేతులు కడిగేసుకున్నట్టేనా? చెరువు కట్ట మీద ఈ సంగతి తేల్చింది మత్స్య సహకార సంఘం పెద్దమనిషి ఒకాయన. మా వైపు చెరువుల్లో చేప మీద హక్కు సంఘానిది. వేసవిలో విసరడం సాధన చేద్దామని ఆయన్ని అడిగాకే వెళ్ళాను. దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గింత గట్టి దారమెందుకు తమ్మీ? చాపను పడుతవా, బర్రెను కడుతవా?"

ఎర బరువు గురించి చెప్పాను. ముళ్ళు తీసేసిన ఎర చూపించాను. చేప పడితే వదిలేస్తారట కదా మీవాళ్ళు అనడిగాడు. అవునన్నాను.

"తిననప్పుడు పట్టుడెందుకే?"

ఇది ఎగతాళి కాదు, కుతూహలం. దీనికి బలమైన జవాబు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరైనా ఉందని నేననుకోను. స్విట్జర్లాండ్‌లో వదిలేయడం కోసమే చేపను పట్టడాన్ని చట్టం నిషేధించింది. తినే ఉద్దేశం లేకుండా జీవికి బాధ కలిగించకూడదన్నది అక్కడి వాదన. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం ట్రౌట్ చేప తలలో గాయాన్ని గుర్తించే నాడులున్నాయని చూపించింది. దాన్ని మనం అనుకునే 'నొప్పి' అనొచ్చా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. మన సంఘం పెద్దాయన ఈ పేపర్లేవీ చదవకుండా స్విస్ చట్టం దగ్గరికి వచ్చాడు. ఆయన వల వేసి పట్టిన చేప ఆ సాయంత్రానికి ఎవరింట్లోనో పులుసవుతుంది. ఆ వలలో చేప బాధ తక్కువేం కాదు, కానీ దానికి ఒక కారణం ఉంది. మా ఆటకు కారణం ఆటే.

ఆయనే ఇంకో సంగతి చూపించాడు. తూము దగ్గర నీటి మీద ఎర్రటి చినుకుల్లా ఒక గుంపు కదులుతోంది. కొర్రమట్ట పిల్లలు. కొరమీను, 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. పిల్లల కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా రబ్బరు కప్ప బొమ్మ విసిరితే పెద్ద చేప కొట్టి తీరుతుంది. కొరమీను కోసం గాలం వేసేవాళ్ళందరికీ ఈ కిటుకు తెలుసు. అది కొట్టేది ఆకలితో కాదు, పిల్లల్ని కాయడానికి. దాన్ని ఒడ్డుకు లాగిన ఐదు నిమిషాల్లో మిగతా చేపలు పిల్లల్ని మింగేస్తాయి. ఎనభై పౌండ్ల దారమైనా, ముళ్ళు నొక్కేసిన కొక్కెమైనా, తడి చేతులతో మెల్లగా నీళ్ళలో వదిలినా ఇక్కడ ఒకటే. దారం ఎంపిక చేసి సరిదిద్దగలిగినవి కొన్ని, విసరకుండా ఉండటం తప్ప సరిదిద్దలేనివి కొన్ని. పరికరాల గురించి మనం గంటలకొద్దీ మాట్లాడుకునేది రెండో రకం ప్రశ్నల్ని మొదటి రకంగా మార్చుకోవడానికేనేమో అని నాకు అనుమానం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ అలవాటు బాగా తెలిసిందే. ఒక ఫీచర్ కట్టాలా వద్దా అని తేల్చుకోలేనప్పుడు ఏ డేటాబేస్ వాడాలో రెండు వారాలు చర్చిస్తాం.

సరే, మిత్రులకి అంకె ఇవ్వాలి. ఇచ్చాను. ఎనభై పౌండ్ల బ్రెయిడ్, ఎనిమిది పోగులది. నాలుగు పోగుల అల్లిక రాపిడికి ఎక్కువ నిలుస్తుంది, ధర తక్కువ. కానీ ఎనిమిది పోగులది గుండ్రంగా, నున్నగా ఉండి గైడ్ల గుండా తేలిగ్గా జారుతుంది. రోజంతా విసిరే భుజానికి అది తేడా చేస్తుంది, భుజాల సంగతి మా ఇంట్లో తెలుసు. దాని చివర ఒకటిన్నర మీటర్ల లావు నైలాన్. పగడపు రాళ్ళ రాపిడికి బ్రెయిడ్ ఆగదు, పైగా ఎక్కడో ఒకచోట కొంచెం సాగే గుణం ఉండాలి. నైలాన్ నుంచి ఎరకు వేసే ముడిని మిగతా అన్నిటికన్నా బలహీనంగా ఉంచమన్నాను. దేనికైనా చిక్కుకుని తెగక తప్పకపోతే, తెగేది చేపకు దగ్గరగా తెగాలి. నీళ్ళలో మిగిలే దారం జానెడు ఉంటుందా, ముప్ఫై మీటర్లుంటుందా అన్నది ఆ ఒక్క ముడిలో తేలుతుంది. ఈ దారం కుళ్ళదు. తెగిన ముక్క ఒక నీటికాకి కాలికో తాబేలు మెడకో చుట్టుకుంటే, మన సెలవు అయిపోయిన చాలా ఏళ్ళ తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది. ఎరకు మూడు ముళ్ళవి తీసేసి ఒంటి కొక్కెం పెట్టి, దాని అడ్డుముల్లు నొక్కెయ్యమన్నాను.

అడ్డుముల్లు నొక్కేస్తే చేపలు జారిపోతాయి కదా అన్నారొకరు. జారిపోతాయి. చేపకు అవకాశం ఇవ్వాలని నిజంగా ఉంటే ఇవ్వాల్సిన చోటు అదే. అక్కడ వదులైతే చేప కొక్కెం లేకుండా, దారం లేకుండా, పూర్తిగా పోతుంది. నష్టం ఎవరిదంటే గట్టు మీద ఉన్నవాడిది. ఫొటో ఉండదు, చెప్పుకోడానికి కథ ఉండదు. సన్న దారంతో వచ్చే ఓటమిలో ఉండే హుందాతనం కూడా ఉండదు దానికి. రీలు తిప్పుతుంటే ఉన్నట్టుండి బరువు తగ్గి, ఖాళీ ఎర నీళ్ళ మీద తేలుతూ వస్తుంది. అది ఓర్చుకోగలిగినవాళ్ళే ఈ దారం కొనాలని జాబితా కింద రాసి పంపాను. ఇద్దరు కొన్నారు.